జైసల్మేర్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

జైసల్మేర్ దగ్గర సోలార్ ప్లాంటులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. దాని టెన్షనంతా ఎండ గురించే. మే, జూన్‌లలో భయపడాల్సిందే. అటువైపే ఉన్న ఫలోదిలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగు, పలచటి కాటన్ బట్టతో తల, మెడ కప్పుకో. నువ్వు చేరేది డిసెంబరులో కాబట్టి ముందు మంచి రగ్గు సర్దుకో. గాలిలో తేమ ఉండదు, పొద్దుగూకితే ఇసుక ఇట్టే చల్లారిపోతుంది. బూట్లు దులపకుండా కాలు పెట్టకు. అక్కడ బాండీ అనే పాము ఉంటుంది. రక్తపింజర కంటే చిన్నది, విషం మాత్రం తక్కువ కాదు. చుట్టలు చుట్టుకుని పొలుసులు రుద్దుతూ బరబరమని చప్పుడు చేస్తుంది. అది వినపడితే అడుగు వెయ్యకు.

అసలు చెప్పాలనుకున్నది వేరే ఉంది. అక్కడ ఏ నేలనీ ఖాళీ అనుకోవద్దు. ఆ జిల్లాలో ఏడాది వాన సగటున 200 మిల్లీమీటర్ల లోపే. అందుకే భూమిలో గుండ్రంగా టాంకా అనే నీళ్ల తొట్టి కట్టుకుని, చుట్టూ నేలని వాలుగా చదును చేసి, పడ్డ ప్రతి చినుకూ అందులోకి జారేలా చూసుకుంటారు. ఆ నేలని ఆగోర్ అంటారు. వానలకు ముందు ఇల్లాళ్లు దాన్ని ఊడుస్తారు. చూడ్డానికి ఉత్త మైదానంలా ఉంటుంది. దాని మీద జీపు ఆపకు, చెప్పులతో నడవకు. వాళ్లు తాగే నీళ్లు అవి. ఎవరింట్లోనైనా చెంబుతో నీళ్లిస్తే తాగగలిగినంతే తీసుకో, మిగిలింది పారబోయకు. ప్లాంటులో ప్యానెళ్లు నీళ్లతో కడుగుతుంటే, నీళ్లు అక్కర్లేని బ్రష్ రోబోలు ఉన్నాయని మీ మేనేజరుకి చెప్పు. చిన్నవాణ్ణని మొహమాటపడకు.

రికార్డుల్లో బంజరు అని రాసి ఉన్న చోట్లు కొన్ని ఓరణ్‌లు, అంటే దేవుడి పేరు మీద వదిలిన అడవులు. మనం దసరాకి పూజించే జమ్మిచెట్టే అక్కడ ఖేజ్రీ. దాని లేత కాయలు ఎండబెట్టి కూర వండుకుంటారు, ఆకు మేకలకీ ఒంటెలకీ మేత. కొట్టమని ఎవరన్నా సరే, ముందు ఊరి పెద్దల్ని కలువు.

బట్టమేక పిట్ట మన నంద్యాల జిల్లా రోళ్లపాడులో కనుమరుగైంది. మిగిలిన కొన్నింటిలో ఎక్కువ భాగం జైసల్మేర్‌లోనే ఉన్నాయి. బరువైన పక్షి, ఎదురుగా ఉన్న కరెంటు తీగ దానికి సరిగ్గా కనపడదు. మీ లైన్ కింద ఎక్కడైనా పిట్ట పడి ఉంటే, ఎవరు దాచమన్నా దాచకు. ఆ రోజే అటవీశాఖకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య