నొక్కిన అక్షరం కండెన్స్‌డ్ కాదు

ప్రశ్న: శీర్షిక పోస్టర్‌లో పట్టక, మామూలు శాన్స్ సెరిఫ్ (గీతల చివర చిన్న తోకలు లేని) ఫాంటును అడ్డంగా 70 శాతానికి నొక్కాను. పట్టింది గానీ చూడ్డానికి వికారంగా ఉంది. ఎందుకలా?

జవాబు: నిలువు గీతలు చిక్కిపోయాయి, అడ్డగీతలు అలాగే ఉండిపోయాయి. ఫాంటులో నిలువు గీత మందం 100 యూనిట్లు, అడ్డగీత 88 అనుకోండి. రెండూ సమానంగా ఉంటే కంటికి అడ్డగీతే లావుగా కనిపిస్తుంది కాబట్టి డిజైనర్లు దాన్ని కావాలనే కాస్త సన్నం చేస్తారు. మీరు నొక్కగానే నిలువు గీత 70కి దిగింది, అడ్డగీత 88 దగ్గరే ఆగింది. లెక్క తలకిందులైంది.

అసలైన కండెన్స్‌డ్‌లో, అంటే మొదటి నుంచీ ఇరుకుగానే గీసిన ఫాంటులో, ముఖ్యంగా తగ్గేది అక్షరం లోపలి ఖాళీ. గీతల మందాన్ని దానికి తగ్గట్టు విడిగా సరిచేస్తారు. ఇంగ్లిష్ 'ఓ' పక్కలు గుండ్రదనం వదిలి నిటారుగా నిలబడతాయి. పక్కపక్కన పేరిస్తే నిలువు గీతలన్నీ ఒకే లయలో నడుస్తాయి. శీర్షికకు ఆ బిగువు వచ్చేది అక్కడే. అందుకే వెడల్పును కూడా ఫాంటు కుటుంబంలో భాగంగానే గీస్తారు. 1957లో ఫాంటు డిజైనర్ అడ్రియన్ ఫ్రూటిగర్ తన యూనివర్స్ ఫాంటు కుటుంబంలో దీనికి అంకెలే ఇచ్చాడు: 57 అంటే మామూలు మందంలో కండెన్స్‌డ్, 67 అంటే బోల్డ్ కండెన్స్‌డ్. డబ్బు పెట్టనక్కర్లేదు, ఆస్వాల్డ్, రోబోటో కండెన్స్‌డ్ ఉచితంగానే దొరుకుతాయి. బెబాస్ నోయ్ కూడా ఉచితమే, కానీ అందులో ఇంగ్లిష్ పెద్దక్షరాలే ఉంటాయి. శీర్షికకు సరే, పేరాలకు వద్దు.

ప్రశ్న: పుస్తకం మొత్తం కండెన్స్‌డ్‌లోనే పెడితే పేజీలు తగ్గుతాయి కదా?

జవాబు: తగ్గుతాయి, చదివేవాళ్లూ తగ్గుతారు. జర్మనీ రోడ్డు బోర్డుల మీద కూడా అక్కడి ప్రమాణ ఫాంటు డిన్ 1451లోని ఇరుకు రూపాన్ని పేరు మామూలు అక్షరాల్లో పట్టనప్పుడే వాడతారు. అదే మంచి పద్ధతి. శీర్షికలు, పట్టికలు, ఇరుకు కాలమ్‌లు, లేబుళ్లు దీని చోట్లు. 8 పాయింట్ల కన్నా దిగితే సిరా పాకి ఇంగ్లిష్ 'ఎ', 'ఇ' చిన్నక్షరాల పొట్టలు పూడుకుపోతాయి. 3, 6, 8 ఒకలాగే కనిపిస్తాయి. తప్పదంటే బోల్డ్ మానేసి, ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఖాళీ) 10 నుంచి 25 వరకు పెంచండి. పెద్ద సైజు శీర్షికకు మాత్రం సున్నా చాలు.

ప్రశ్న: తెలుగులో కండెన్స్‌డ్ ఉందా?

జవాబు: ఉందండీ. అనేక్ తెలుగు వేరియబుల్ ఫాంటులో వెడల్పును మామూలు దానిలో 75 నుంచి 125 శాతం వరకు మార్చుకోవచ్చు. తెలుగును నొక్కితే నష్టం ఇంకా ఎక్కువ: 'కి', 'కీ'లను వేరు చేసే చిన్న మెలిక ముడుచుకుపోతుంది, 'ష' కడుపులోని గీత పక్కగోడకు అతుక్కుంటుంది. ఇంగ్లిష్ పెద్దక్షరాల శీర్షికకు లైన్ స్పేసింగ్ (వరుసకూ వరుసకూ మధ్య దూరం) అక్షరాల సైజులో 100 శాతం సరిపోతుంది. తెలుగుకు వత్తులు, గుడులు ఢీకొంటాయి కాబట్టి 140తో మొదలుపెట్టి, పై వరుసలో 'స్త్రీ', కింది వరుసలో 'కీ' ఒకదాని కిందొకటి వచ్చేలా పెట్టి, అసలు సైజులో ప్రింట్ తీసి చూసుకోండి.