షెంజెన్ మళ్ళీ వెళ్తున్నావట

చిట్టితల్లీ,

నువ్వు మళ్ళీ షెంజెన్ వెళ్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. గర్వంగానే ఉంది, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. 2020 జనవరిలో చైనా కొత్త సంవత్సరం సెలవులకని ఒక్క సూట్‌కేసుతో వచ్చి, కరోనాతో ఇక్కడే ఆగిపోయిన పిల్లవి. ఇప్పుడు సొంత కంపెనీకి సరుకు కొనడానికి వెళ్తున్నావు.

వీసా, హోటల్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడే అలీపేలో, అదే అక్కడ డబ్బు కట్టే యాప్‌లో, ఇంటర్నేషనల్ కార్డు కలుపుకో. 3సీ అనే చైనా భద్రతా ముద్ర లేని పవర్ బ్యాంకుని 2025 జూన్ నుంచి అక్కడి దేశీయ విమానాల్లోకి రానివ్వడం లేదు, చూసుకో. హాంకాంగ్‌లో దిగితే వెస్ట్ కౌలూన్‌లో రైలెక్కు, పావుగంటలో షెంజెన్‌లోని ఫుతియన్ స్టేషన్.

"ఆ ఊరు నాకు కొత్తా?" అన్నావట మీ అమ్మతో. నా భయమంతా ఆ మాట దగ్గరే.

నేను 2006లో మొదటిసారి వెళ్ళినప్పుడు అక్కడ మెట్రో మొదలై రెండేళ్ళు కూడా కాలేదు. హువాచియాంగ్‌బెయ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్లో ఒక స్టాల్ అతను నాకు పేపర్ కప్పులో వేడినీళ్ళిచ్చి, కాలిక్యులేటర్ మీద రేటు కొట్టి చూపించేవాడు. భాష రాకపోయినా ఒక్కసారీ మోసం చేయలేదు. తర్వాత ఆరేళ్ళు వెళ్ళలేదు. 2014లో వెళ్తే మెట్రో కోసం ఆ రోడ్డంతా తవ్వి రేకులు కట్టేశారు, ఎటు పోవాలో తెలియలేదు. గంటసేపు తిరిగి తిరిగి, పాత బోర్డు, అదే స్టాల్ నంబరు కనపడగానే ప్రాణం లేచొచ్చింది. లోపల వేరే కుర్రాడున్నాడు. పాతాయన బావమరిదినన్నాడు. నేను నమ్మాను. శాంపిల్ చూసి, ఇన్వర్టర్ బోర్డుల్లో కరెంటుని ఆన్-ఆఫ్ చేసే మాస్‌ఫెట్ చిప్పులకి మొత్తం డబ్బు ముందే ఇచ్చేశాను.

బాలానగర్‌లో లోడ్ పెట్టగానే బోర్డులు ఒకటి తర్వాత ఒకటి కాలిపోయాయి. దూదికి అసిటోన్ అద్ది చిప్ మీద రుద్దితే దూది నల్లగా అయింది, పైనున్న అక్షరాలు చెరిగి కింద ఇంకో నంబరు బయటపడింది. అంటే వేరే చిప్‌కి నంబరు మార్చి నాకు అంటగట్టాడు. ఆ దూది ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది. ఆ డబ్బు మీ అమ్మ గాజులు కుదువపెట్టి తెచ్చింది తల్లీ. నీకెప్పుడూ చెప్పలేదు కదా, అదీ చెప్పదు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే మొండికేయకుండా విను. నీ పాత సప్లయర్‌కి ముందే వీడియో కాల్ చేసి, మనిషిని కళ్ళారా చూశాకే డబ్బు మాటెత్తు. శాంపిల్ ఒక్కటి చూసి మురిసిపోకు, లాట్ మధ్యలోంచి నీ చేత్తో నువ్వే తీసి లోడ్ మీద పెట్టు. మొదట కొంచెమే కొను. వాళ్ళు తొందరపెడితే ఆ పూట కొనకు, గదికి వచ్చేసి అన్నం తిని పడుకో. నువ్వు టెన్షన్ పడితే తిండి మానేస్తావని నాకు తెలుసు, పదేళ్ళప్పుడూ అంతే చేసేదానివి.

ఇంకొకటి. అప్పట్లో మీ అమ్మతో రోజూ వీచాట్‌లో మాట్లాడేదానివి. దాన్ని 2020లోనే మన దేశంలో బ్యాన్ చేశారు, అక్కడేమో వాట్సాప్ రాదు. మన సిమ్‌కే రోమింగ్ ప్యాక్ వేయించుకో, అప్పుడు వాట్సాప్ పనిచేస్తుంది. దిగగానే ముందు అమ్మకి చెయ్యి, నాకు తర్వాత చేసినా ఫర్వాలేదు, నేను మేలుకునే ఉంటాను.

మీ మామయ్య