మళ్ళీ ఆ పిల్లల దగ్గరికే వెళ్ళాలనుంది, వెళ్ళనా అక్కా?

ప్రశ్న: అక్కా, డిగ్రీ అయ్యాక స్కాట్లాండ్‌లో అబెర్డీన్ దగ్గర క్యాంప్‌హిల్ స్కూల్లో ఏడాదిపాటు వాలంటీర్‌గా చేశాను. స్పెషల్ నీడ్స్ పిల్లలతో ఒకే ఇంట్లో ఉండి, పొద్దున లేపడం దగ్గర్నుంచి రాత్రి పడుకోబెట్టేదాకా అన్నీ చూసుకున్నా. ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నా గానీ మనసంతా అక్కడే ఉంది. నేను చూసుకున్న బాబుకి ఆటిజం, మాట్లాడడు. వాడు నన్ను గుర్తుపడతాడా? మళ్ళీ అదే ఇల్లు ఇమ్మని అడగొచ్చా? అమ్మేమో "ఒకసారి వెళ్ళొచ్చావుగా, ఇంక సంబంధాలు చూస్తాం" అంటోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వెళ్ళమ్మా, కానీ వాడికోసమని వెళ్ళకు, ఆ పనికోసం వెళ్ళు. ఎందుకంటున్నానంటే, నువ్వొచ్చేశాక వాడికి స్నానం చేయించడానికి, తినిపించడానికి ఇంకో అమ్మాయో అబ్బాయో వచ్చుంటారు, వాడు ఎంతో కష్టపడి వాళ్ళకి అలవాటుపడి ఉంటాడు, ఇప్పుడు నువ్వెళ్ళి "వీడు నా బాబు" అని నిలబడితే నలిగేది వాడే. ఇలాంటి పిల్లలకి రోజు ఒకే వరసలో జరగడం ఎంత ముఖ్యమో నీకు చెప్పక్కర్లేదు, ముందు ఎడం కాలి షూ వేసుకునే పిల్లాడికి ఎవరో హడావిడిలో కుడికాలిది తొడిగితే ఆ పూటంతా పాడైపోతుంది. అందుకని ఇల్లు నువ్వు ఎంచుకోకు, వాళ్ళకి ఎక్కడ మనిషి కావాలో అక్కడ ఉంటానని హౌస్ కోఆర్డినేటర్‌కి రాయి. వాడు ఈపాటికి వేరే ఇంటికి మారి ఉండొచ్చు, వయసొస్తే స్కూలే వదిలి వెళ్ళిపోయి ఉండొచ్చు కూడా.

గుర్తుపడతాడా అంటే, పట్టొచ్చు, కానీ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంటాడని మాత్రం అనుకోకు. పక్కనుంచి వెళ్తూ వెళ్తూ నీ చెయ్యి పట్టుకుని కుళాయి దాకా లాక్కెళ్ళి నీళ్ళు పట్టమంటే అదే వాడి పలకరింపు. అసలేమీ చెయ్యకపోయినా బాధపడకు. ఇంకోటి, వీసా చేతికొచ్చేదాకా వీడియో కాల్‌లో వాడికి "వచ్చేస్తున్నా" అని చెప్పకు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

ఆ చోటు మొదట్నుంచీ కదలకుండా ఉండిపోయిన మనుషుల వల్లే నిలబడింది. నాజీల నుంచి తప్పించుకుని వియన్నా వదిలొచ్చిన పిల్లల డాక్టర్ కార్ల్ కోనిగ్, ఆయనతో ఉన్నవాళ్ళు కలిసి మొదలుపెట్టారు కదా, 1940 జూన్ 1న క్యాంప్‌హిల్ ఎస్టేట్‌కి మారే టైమ్‌కి యుద్ధం నడుస్తోంది కాబట్టి బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళలో మగవాళ్ళని శత్రుదేశం వాళ్ళంటూ నిర్బంధంలో పెట్టేసింది, అయినా ఆడవాళ్ళు ఆగలేదు, వాళ్ళే ఇల్లు మారి పని మొదలెట్టారు. అందుకే వెళ్తే ఏడాదికి తక్కువ వద్దంటాను.

వీసా సంగతి. చారిటీ వర్కర్ వీసా మీద 12 నెలలే ఉండనిస్తారు, జీతం ఉండదు, గది, భోజనం, పాకెట్ మనీ అంతే. ఒకసారి ఆ వీసా మీద అక్కడ ఉన్నవాళ్ళు మళ్ళీ అదే వీసాకి 12 నెలలు ఆగాలి, నువ్వు ఎప్పుడొచ్చావో లెక్క చూసుకో. టీబీ టెస్ట్ తప్పదు. బ్యాంక్‌లో 1,270 పౌండ్లు చూపించాలి, లేదంటే స్పాన్సర్, అంటే నిన్ను పిలిచే ఆ స్కూలు, హామీ ఇవ్వాలి. అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతోపాటు కట్టే హెల్త్ సర్‌చార్జ్ ఏడాదికి 1,035 పౌండ్లు, అది ఎవరు కడతారో ముందే అడిగెయ్. పిల్లలతో పని కాబట్టి స్కాట్లాండ్ వాళ్ళ పీవీజీ చెక్, అంటే పాత నేరాలేమైనా ఉన్నాయా అని చూసే పరిశీలన, కూడా ఉంటుంది.

ఇక అమ్మ. "ఇంకొక్క ఏడాదేనమ్మా" అని ఊరికే బుజ్జగించకు. ఇదే నీ జీవితం అనిపిస్తే అదే చెప్పు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి మేధోవైకల్యం ఉన్నవాళ్ళ కోసమే పనిచేస్తోంది, స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులు అక్కడే ఉన్నాయి. ఒకసారి అమ్మని వెంటబెట్టుకుని వెళ్ళి చూపించు. ఈ పని ఒక చదువు, ఒక ఉద్యోగం అని కళ్ళారా చూస్తే ఆవిడ మాట్లాడే తీరే మారొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీ సెలవుల్లో రెండు వారాలు నేపాల్‌లో ఒక అనాథాశ్రమంలో వాలంటీరింగ్ చేస్తానంటున్నాడు. ప్యాకేజీ అట, డబ్బు మనమే కట్టాలి. పంపించమంటారా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: వద్దండీ. నేపాల్‌లో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, చదువు చెప్పిస్తామని పల్లెల నుంచి తెచ్చినవాళ్ళు. డబ్బు కట్టి వచ్చే విజిటర్లు ఉన్నంతకాలం ఆశ్రమాలకి పిల్లలు కావాలి, అదీ అసలు గొడవ. 2019 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ తీర్మానంలోనే అనాథాశ్రమాల వాలంటీరింగ్, టూరిజం వల్ల పిల్లలకి జరిగే హాని అరికట్టాలని రాశారు. రెండు వారాలకో కొత్త అన్నయ్య వచ్చి ఎత్తుకుని వెళ్ళిపోతుంటే ఆ పసివాళ్ళు ఏమైపోవాలి చెప్పండి. మీవాడి మనసు మంచిదే, అందుకే వరంగల్‌లోనే ఏదైనా గవర్నమెంట్ స్కూల్ హెడ్మాస్టర్‌ని కలవమనండి, వారానికి ఒక పూట లెక్కలు చెప్పడానికి ఏడాది మొత్తం రాగలడేమో అడగండి.