మెట్రో ఇంకా రాలేదు, ధర మాత్రం వచ్చేసింది

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. పెద్ద నగరంలో ఆరేళ్లుగా అద్దెకుంటున్నాం. ఈ ఏడాది ఓనరు అద్దె బాగా పెంచాడు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు హోమ్‌ లోన్‌పై వడ్డీ రాయితీ ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. నగరం చివరికి మెట్రో కూడా వస్తుందంటున్నారు. అక్కడ కడుతున్న ఒక ఫ్లాట్ చూశాం. మా పొదుపంతా డౌన్ పేమెంట్‌కే పోతుంది. ఈఎంఐ మా ఇద్దరి చేతికొచ్చే జీతంలో 55 శాతం. మూడు నాలుగేళ్లలో మావారికి బదిలీ కావచ్చు. ‘ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేరు’ అంటున్నాడు ఏజెంటు. ఏం చేయమంటారు?

జవాబు: ఈ ఫ్లాట్ వదిలేయండి. సొంతిల్లు వద్దని కాదు. ఈ ఇల్లు, ఈ ధరకు, ఇంత అప్పుతో వద్దంటున్నాను. మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ భయం కలిగించింది 55 శాతం ఈఎంఐ కూడా కాదు, చివర్లో మామూలుగా చెప్పేసిన బదిలీ ముక్క. దాని దగ్గరికి వస్తాను. ముందు రాయితీ సంగతి చూద్దాం.

స్థలం కొరత ఉన్న నగరంలో కొత్త ఇళ్లు తొందరగా లేవవు. అలాంటి చోట కొనేవాళ్లందరికీ ఒకేసారి కాస్త డబ్బు సాయం చేస్తే, ఉన్న ఇళ్ల కోసమే అందరూ ఇంకొంచెం ఎక్కువ పాడతారు. రాయితీ మీ పేరు మీద వస్తుంది, పెరిగిన ధర రూపంలో అమ్మేవాడికి చేరుతుంది. ఇంగ్లండ్‌లో 2013లో ‘హెల్ప్ టు బై’ అనే పథకం పెట్టారు. కొత్త ఇంటి ధరలో 20 శాతం వరకూ ప్రభుత్వమే అప్పు ఇచ్చేది. 2016 నుంచి లండన్‌లో దాన్ని 40 శాతం వరకూ పెంచారు. తర్వాత లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ పరిశోధకులు లెక్క తీస్తే, గ్రేటర్ లండన్‌లో కొత్త ఇళ్ల ధరలు పెరిగాయి గానీ, నిర్మాణం పెరిగిన జాడ లేదు. స్థలం సులువుగా దొరికే వేల్స్ సరిహద్దు దగ్గర మాత్రం అదే పథకంతో ఇళ్లు ఎక్కువ కట్టారు, ధరలు పెద్దగా కదల్లేదు.

ఇంకో విషయం. ఆ అప్పుకు మొదటి ఐదేళ్లు వడ్డీ లేదు, ఆరో ఏడు నుంచి 1.75 శాతం ఫీజు మొదలయ్యేది. మీకు చెబుతున్న రాయితీ కూడా ఎన్నేళ్లకు, అప్పులో ఎంత భాగానికి అన్నది కాగితం మీద చదవండి. మధ్యలో అమ్మితే వెనక్కి కట్టాలేమో, అసలు అమ్మనిస్తారో లేదో కూడా చూడండి. సింగపూర్‌లో ప్రభుత్వ ఫ్లాట్ కొన్నవాళ్లు కనీసం ఐదేళ్లు అందులో ఉన్నాకే అమ్ముకోవాలి. అలాంటి షరతు మీకూ ఉండి, మూడో ఏట బదిలీ అయిందనుకోండి. ఉద్యోగం ఒకచోట, అప్పు ఇంకోచోట.

ధరల మీద ఒత్తిడి తగ్గించే విధానాలు ఇంత హడావిడి చేయవు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌ నగరంలో 2016లో నివాస స్థలాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులకు నిబంధనలు సడలించి, అదే స్థలంలో ఎక్కువ ఇళ్లు కట్టుకోనిచ్చారు. నిర్మాణ అనుమతులు బాగా పెరిగాయి. కానీ ఇళ్లు లేచేసరికి ఏళ్లు పట్టింది. అందుకే ఏ ప్రకటన విన్నా నేను ముందు చూసేది ఒక్కటే: ఇది కొనేవాళ్లను పెంచుతుందా, ఇళ్లను పెంచుతుందా? మీరు చెప్పింది మొదటి రకం.

ఇక మెట్రో. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పిల్లర్ ఒక్కటీ లేవకముందే ‘స్టేషన్ పక్కనే’ అన్న మాటకు బిల్డర్ ధర వేసేశాడు. రైలు ఆలస్యమైతే ఆ ఏళ్ల వడ్డీ కట్టేది మీరు.

బదిలీ దగ్గరికి వద్దాం. ఇంటి ధర 100 అనుకోండి. మీరు పెట్టేది 20, అప్పు 80. వడ్డీ 8 శాతమైతే మొదటి ఏడాది వడ్డీయే 6.4. పన్ను, మెయింటెనెన్స్, రిపేర్లకు 1 వేయండి. మీ 20 డిపాజిట్‌లో ఉంటే వచ్చే 1.2 కూడా పోయినట్టే. మొత్తం 8.6. అలాంటి ఇంటికి ఏడాది అద్దె 3 అయితే, ఇల్లు ఏటా 5.6 శాతం పెరిగితే తప్ప మీరు అద్దెవాళ్లతో సమానం కారు. దీనిపైన రిజిస్ట్రేషన్, ఇతర ఖర్చులు 7 అనుకుంటే, పదేళ్లు ఉండేవాళ్లకు అది ఏడాదికి 0.7. మూడేళ్లలో అమ్మేవాళ్లకు 2.3. అంటే మీకు కావలసిన పెరుగుదల దాదాపు 8 శాతం. ఈ అంకెల చోట మీ అంకెలు వేసి చూడండి. రాయితీ కలిపినా లెక్క తారుమారు అవుతుందనుకోను.

పెరగకపోతే? ధర 15 శాతం పడితే మీరు పెట్టిన 20లో మిగిలేది 5. నగరాల్లో ధరలు పడవనే మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. హాంకాంగ్‌లో 1997 నుంచి 2003 మధ్య ఇళ్ల ధరలు 60 శాతానికి పైగా పడ్డాయి. అది అసాధారణమే, ఒప్పుకుంటాను. కానీ మీ పొదుపంతా ఒకే గోడలో పెడుతున్నప్పుడు అసాధారణాన్ని కూడా లెక్కలో వేయాలి. పైగా అది కడుతున్న ఫ్లాట్. చైనాలో 2022లో ఇళ్లు పూర్తికాక వేలమంది ఈఎంఐలు ఆపేస్తామని బహిరంగంగా ప్రకటించారు. ఇల్లు చేతికొచ్చేదాకా మీరు అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. 55 శాతం ఈఎంఐ మీద అద్దె కూడా పడితే నెలాఖరుకు ఏం మిగులుతుందో నాకంటే మీకే బాగా తెలుసు.

అద్దెలకు ప్రభుత్వం కళ్లెం వేస్తుందని మాత్రం ప్లాన్ చేసుకోకండి. బెర్లిన్ 2020లో అద్దెలకు పరిమితి పెట్టింది. 2021 ఏప్రిల్‌లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం ఆ చట్టాన్ని కొట్టేసింది. తగ్గించి కట్టిన అద్దెను చాలామంది తిరిగి కట్టాల్సి వచ్చింది. మీ ఓనరుతోనే కూర్చుని, రెండేళ్ల అగ్రిమెంట్ రాసుకుందాం, ఏడాదికి ఇంతకంటే పెంచొద్దు అని అడగండి. నెలనెలా ఠంచనుగా అద్దె కట్టేవాళ్లను వదులుకోవడం ఏ ఓనరుకూ ఇష్టం ఉండదు. అడిగితే పోయేదేం లేదు.

ఈలోగా ఒక పని చేయండి. ఆ ఈఎంఐకి, ఇప్పటి అద్దెకు ఉన్న తేడాను ఎనిమిది నెలలపాటు విడిగా ఒక ఖాతాలో వేయండి. నాలుగో నెలకే ఊపిరాడకపోతే జవాబు దొరికినట్టే. వేయగలిగితే డౌన్ పేమెంట్ పెరుగుతుంది. బదిలీ సంగతి తేలి, కనీసం ఎనిమిదేళ్లు ఉంటామన్న నమ్మకం కుదిరి, ఆరు నెలల ఖర్చు ముట్టుకోకుండా పక్కన పెట్టి, ఈఎంఐ 40 శాతంలోపు ఉంటే అప్పుడు కొనండి. పూర్తయిన ఇల్లు, కాస్త చిన్నదైనా పర్వాలేదు. నేనూ తొమ్మిదేళ్లు అద్దెకున్నాక అలాగే కొన్నాను.

ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తాడు. కారు పార్కింగ్ ఉచితం, మాడ్యులర్ కిచెన్ ఉచితం, ఇల్లు ఇచ్చేదాకా వడ్డీ బిల్డరే కడతాడు అంటే, బోర్డు మీది రేటు కదలకుండా అసలు ధర దిగుతోందని అర్థం చేసుకోండి. ఆ ప్రాజెక్టులో గత ఆరు నెలల్లో ఎన్ని ఫ్లాట్లు, ఎంతకు రిజిస్టరయ్యాయో కాగితాలు చూపించమనండి.