రైటప్ లేని ఫొటో నాకు పంపకు

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. ఫోనున్న ప్రతివాళ్లూ ఫొటోలు తీస్తున్నారు, ఎవరూ తీయని ఫొటోలను ఏఐ పుట్టిస్తోంది, ఇక న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా బతకగలనా అని అడిగావు. నీ టెన్షన్ ఊరికే వచ్చింది కాదు. 2013లో అమెరికాలోని షికాగో సన్-టైమ్స్ పత్రిక తన ఫొటోగ్రాఫర్లు 28 మందినీ ఒకేసారి ఇంటికి పంపేసింది. పులిట్జర్ అవార్డు అందుకున్న జాన్ వైట్ కూడా వాళ్లలో ఉన్నాడు. రిపోర్టర్లకు ఐఫోన్‌తో తీయడం నేర్పించి పని నడిపించుకుంది. మన జిల్లాల్లో ఆ పాటి ప్రకటన కూడా లేకుండానే వార్త, ఫొటో, వీడియో అన్నీ ఊళ్ల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ నెత్తిన పడ్డాయి.

ముందుగా ఒక మాట. వేగంలో జనంతో పోటీకి దిగకు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, మేడల మీద చిక్కుకున్నవాళ్లే ఫోన్లతో తీసి పంపారు. పడవ సంపాదించుకుని వెళ్లేవాళ్లు వాళ్లకంటే ముందు ఎలా తీస్తారు?

అలాగని పాత రోజులు మళ్లీ రావాలని కోరుకునేవాణ్ని కాదు. రీలుకు 36 ఫ్రేములు, ఆ రీలు కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సుకివ్వడం, అది చేరిందో లేదో తెలియక రాత్రంతా ఎదురుచూడటం, అందులో గొప్పేమీ లేదు. 2021లో ఢిల్లీలో ఇళ్ల పక్కనే వరుసగా మండుతున్న కోవిడ్ చితులను న్యూస్ ఫొటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ డ్రోన్‌తో పైనుంచి తీశాడు. నేల మీద నిలబడి ఎంత మంచి కెమెరాతో తీసినా ఆ విస్తృతి దొరకదు. కొత్త పరికరం చేతికొస్తే నేర్చుకో.

నన్ను భయపెట్టేది పోటీ కాదు, జనం ఏ ఫొటోనూ నమ్మని స్థితి. 2023 మేలో అమెరికా రక్షణశాఖ కార్యాలయం పెంటగాన్ దగ్గర పేలుడంటూ ఏఐ బొమ్మ ఒకటి తిరిగితే అమెరికా షేర్ మార్కెట్ కాసేపు కిందికి జారింది. అది యంత్రం చేసిన పని. మన ఫొటోగ్రాఫర్లు స్వయంగా చేసినవి ఇంకా బాధపెడతాయి. 2003లో ఇరాక్‌లోని బస్రా దగ్గర లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫొటోగ్రాఫర్ ఒకాయన రెండు ఫ్రేములను కంప్యూటర్లో కలిపేశాడు. ఒకదాంట్లో బ్రిటిష్ సైనికుడి చేతి సైగ బాగుంది, ఇంకోదాంట్లో బిడ్డనెత్తుకున్న మనిషి బాగున్నాడు. అచ్చయ్యాక చూస్తే వెనక కూర్చున్నవాళ్లలో కొందరు రెండుసార్లు కనిపించారు. ఉద్యోగం పోయింది. విడివిడిగా ఆ రెండూ మంచి ఫొటోలే, అదే నాకు మింగుడుపడదు. 2014లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, సిరియా ఫొటోలో మూలనున్న తోటి విలేకరి వీడియో కెమెరాను చెరిపేశాడని ఒక ఫొటోగ్రాఫర్‌తో సంబంధం తెంచుకుంది. అంత చిన్నదానికా అనుకుంటావేమో. నా లెక్కలో అది సరైన పనే. చిన్నది చెరిపినవాడు పెద్దది చెరపలేదని పాఠకుడికి ఎవరు హామీ ఇస్తారు?

ఆ హామీ నువ్వే ఇవ్వాలి. వెలుతురు కాస్త సరిచేసుకో, ఫ్రేములో ఉన్నదాన్ని మాత్రం తీసేయకు, లేనిదాన్ని చేర్చకు. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో చూసుకో. పత్రికాఫీసు డెస్కుకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నాణ్యత పడిపోవడమే కాదు, ఎప్పుడు ఏ కెమెరాతో తీశారన్న వివరాలూ చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపు. ఒరిజినల్ ఫైలు నీ దగ్గర దాచుకో, రేపు ఎవరైనా వేలెత్తి చూపితే నీకు అండ అదొక్కటే. లైకా కంపెనీ 2023లో, ఫొటో ఎక్కడి నుంచి వచ్చిందో ఫైలులోనే ముద్ర వేసే కెమెరా తెచ్చింది. దాని ధర మనకు అందేది కాదులే. అదున్నా రైటప్, అంటే ఫొటో కింద వేసే వివరం, నువ్వే రాయాలి.

ఇక నువ్వు పంపిన ఫొటో సంగతి. తడిసిన ధాన్యం రాశి దగ్గర తలపట్టుకుని కూర్చున్న రైతు. కింద ‘అకాల వర్షంతో రైతు ఆవేదన’ అని రాశావు. ఆ మాట ఏ ఏడాది ఫొటోకైనా, ఏ ఊరి ఫొటోకైనా అతుకుతుంది. ఏఐ బొమ్మకూ అతుకుతుంది. ఆయన పేరేమిటి? ఏ ఊరు? ఎన్ని బస్తాలు తడిశాయి? ధాన్యం కొనుగోలు కేంద్రానికి తెచ్చి ఎన్నాళ్లయింది, కాంటా ఎందుకు వేయలేదు? కప్పుకోవడానికి టార్పాలిన్ పట్టాలు ఇచ్చారా లేదా? మళ్లీ వెళ్లి ఆయన్ని అడుగు. ఫొటో పేపర్లో వేయడానికి ఆయనకు ఇష్టమేనా అన్నదీ కనుక్కో. అవన్నీ రాసి, ఒరిజినల్ ఫైలుతో కలిపి ఈ వారంలోగా నాకు పంపు.

ఇట్లు,
మీ మాస్టారు