ఉత్తర ఇంగ్లండ్‌లో ఆవిరి రైలును ఫోటో తీయాలంటే ఎక్కడ నిలబడాలి?

నన్నడిగితే గ్రోస్‌మాంట్ నుంచి గోత్‌లాండ్‌కి ఎక్కే దారి పక్కన, కంచెకి ఇవతల. నార్త్ యార్క్‌షైర్ మూర్స్ రైల్వేలో అక్కడ 49 అడుగులకు ఒక అడుగు చొప్పున ఎత్తు పెరుగుతుంది. ఇంజిన్ గట్టిగా లాగాలి కాబట్టి పొగగొట్టంలోంచి ఆవిరి ఎగజిమ్ముతుంది. దిగే రైలు ఊరికే జారిపోతున్నట్టుంటుంది, ఫోటోలో ప్రాణముండదు.

చలికాలం పొద్దున్నే వెళ్లండి. చల్లగాలికి ఆవిరి సన్నని నీటి తుంపరగా మారి, దూదిలా తెల్లగా కాసేపు నిలుస్తుంది. ఎండాకాలంలో చూస్తుండగానే మాయం. గాలి మీవైపు వీస్తుంటే మాత్రం అవతలి పక్కకి మారండి, లేదంటే పెట్టెలన్నీ ఆ తెల్లతెర వెనకే! నల్ల ఇంజిన్‌ని చూసి వెలుతురు తక్కువుందని కెమెరా మోసపోతుంది, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) కాస్త తగ్గించండి.

పల్లె దృశ్యమే ముఖ్యమైతే సెటిల్-కార్లైల్ రైలుమార్గంలోని రిబుల్‌హెడ్ వంతెన. 24 కమానులూ పట్టేంత దూరం నుంచి తీయండి.