పాఠకుల ప్రశ్నలు: ఫ్యూనరల్ హోమ్‌లో ఉద్యోగం అడ్మిషన్‌కి ప్లస్సా, మైనస్సా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు, లెవెన్త్ గ్రేడ్. ఏడాదిగా వారాంతాల్లో ఒక ఫ్యూనరల్ హోమ్‌లో (అంత్యక్రియల ఏర్పాట్లు చూసే సంస్థలో) పనిచేస్తోంది. కుర్చీలు వేయడం, పూలు సర్దడం, వచ్చినవాళ్ల చేత పుస్తకంలో సంతకాలు చేయించడం. బంధువులు ‘ఇంకే పనీ దొరకలేదా’ అంటున్నారు. తన స్నేహితులేమో ‘ఇలాంటిది ఎవరికీ ఉండదు, ఐవీ లీగ్ గ్యారంటీ’ అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి? – ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: ఇద్దరి మాటా నమ్మకండి. అడ్మిషన్ ఆఫీసులో ఈ ఉద్యోగాన్ని అశుభంగా చూసేవాళ్లు ఉండరు. అలాగని వింతగా ఉందని సీటు ఇచ్చేవాళ్లూ ఉండరు. వాళ్లు ముందు చూసేది ట్రాన్‌స్క్రిప్ట్. ఏ కోర్సులు తీసుకుంది, ఎంత కఠినమైనవి, ఏ గ్రేడ్లు వచ్చాయి అన్నది అక్కడ తేలాకే మిగతావాటి వంతు. వారాంతపు పని వల్ల కెమిస్ట్రీ గ్రేడ్ ‘ఎ’ నుంచి ‘సి’కి జారితే ఆ నష్టాన్ని ఏ ఉద్యోగమూ పూడ్చదు.

ఏ కాలేజీ ఉద్యోగానుభవానికి ఎంత విలువిస్తుందో ఊహించుకోనక్కర్లేదు. చాలా కాలేజీలు ఏటా ‘కామన్ డేటా సెట్’ అనే పత్రాన్ని తమ వెబ్‌సైట్‌లో పెడతాయి. అందులో సి7 అనే పట్టిక తీయండి. ‘వర్క్ ఎక్స్‌పీరియన్స్’ అన్న వరుసలో ‘చాలా ముఖ్యం, ముఖ్యం, పరిగణిస్తాం, పరిగణించం’ అనే నాలుగింట్లో ఒకదానికి టిక్కు ఉంటుంది. అమ్మాయి అనుకుంటున్న కాలేజీలన్నిటివీ పక్కపక్కన పెట్టి చూస్తే, బంధువులతో వాదన అక్కడితో అయిపోతుంది.

ఉద్యోగం పేరు వింతగా ఉంటే చదివేవాళ్లు ఆ వరుస దగ్గర ఒక్క క్షణం ఆగుతారు. దానివల్ల ఒరిగేది అంతే. ఆ క్షణంలో వాళ్లకి ఏం కనిపిస్తుందన్నదే అసలు సంగతి. ఎన్నాళ్లు నిలబడింది, బాధ్యత పెరిగిందా, తన మీద ఎవరైనా ఆధారపడ్డారా అన్నవి చూస్తారు. ఈ లెక్కన మూడేళ్లు కిరాణా కౌంటర్‌లో నిలబడి, చివరి ఏడాది కొత్తవాళ్లకి పని నేర్పిన పిల్లవాడు, ఒక్క వేసవి ఫ్యూనరల్ హోమ్‌లో గడిపిన అమ్మాయికంటే ముందుంటాడు. మీ అమ్మాయి ఏడాది నిలబడింది కాబట్టి మంచి మొదలే.

ఇక దరఖాస్తులో రాయడం. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి వాడే ఉమ్మడి దరఖాస్తు) మొత్తం పది కార్యకలాపాలకే చోటు. ఒక్కోదానికి హోదా రాయడానికి 50 అక్షరాలు, సంస్థ పేరుకి 100, చేసిన పనికి 150. ఖాళీలూ లెక్కలోకే వస్తాయి. రకం అడిగినచోట ‘వర్క్ (పెయిడ్)’ ఎంచుకోవాలి. 150 అక్షరాల్లో ‘కష్టపడే తత్వం అలవడింది, జీవితం విలువ తెలిసింది’ లాంటి మాటలు రాస్తే చోటు దండగ. క్రియలు, అంకెలు రాయాలి: ఒక్కో కార్యక్రమానికి ఎంతమందికి ఏర్పాట్లు చేసింది, నెలకి సుమారు ఎన్ని, ఆలస్యంగా వచ్చిన పూలని ఎలా సర్దుకుంది, కొత్తగా చేరినవాళ్లకి ఏం నేర్పింది. ‘నేను’తో మొదలయ్యే పూర్తి వాక్యాలు అక్కర్లేదు. ముక్కలుగా, సెమికోలన్లతో రాసినా ఎవరూ తప్పుపట్టరు.

గంటల లెక్కలో పొరపాట్లు ఇంకా ఎక్కువ. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని ఫారం అడుగుతుంది. బడి రోజుల్లో 36 వారాలు వారానికి 6 గంటలు, వేసవిలో 10 వారాలు వారానికి 30 గంటలు పనిచేస్తే మొత్తం 216 + 300 = 516 గంటలు. దాన్ని 46 వారాలతో భాగిస్తే వారానికి 11. రాయాల్సింది 11, 46. వేసవి అంకె పట్టుకుని 30, 52 అని రాస్తే అది అబద్ధమే. పదింటి గంటలూ కూడితే వారానికి డెబ్భై దాటుతుంటే, చదివేవాళ్లకి మిగతా దరఖాస్తు మీద కూడా అనుమానం మొదలవుతుంది. పే స్టబ్‌లు (జీతం చీటీలు) దాచి ఉంచండి, లెక్క సులువవుతుంది.

కాలిఫోర్నియా యూనివర్సిటీల (యూసీ) దరఖాస్తు వేరు. అక్కడ కార్యకలాపాలు, అవార్డులు కలిపి ఇరవై దాకా పెట్టవచ్చు, ఉద్యోగానికి విడి విభాగం ఉంది. ఎంఐటీ దరఖాస్తులో నాలుగు కార్యకలాపాలకే చోటు కాబట్టి ఏది ఉంచాలో ముందే తేల్చుకోవాలి.

కామన్ యాప్‌లోని 650 మాటల ప్రధాన వ్యాసం ఈ ఉద్యోగం మీదే రాయాలా? రాయవచ్చు, కానీ మరణం గురించి తత్త్వం మాట్లాడకుండా ఉండగలిగితేనే. పదహారేళ్ల పిల్ల మృత్యువు మీద ఉపన్యసిస్తే చదవడానికి ఇబ్బందిగా ఉంటుంది. ఏడుస్తున్న మనిషికి పెన్ను అందించే ముందు ఎంతసేపు ఆగాలో ఎలా తెలుసుకుంది అన్నంత చిన్న విషయం చాలు. చనిపోయినవాళ్ల పేర్లు, ఆ కుటుంబాన్ని గుర్తుపట్టగలిగే వివరాలు ఒక్కటీ రాకూడదు. యజమాని సిఫార్సు లేఖ అదనంగా పెట్టే వీలు కొన్ని కాలేజీలు ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇచ్చినచోట ఒక్కటి చాలు, అదీ ఆమె పనిని దగ్గరుండి చూసినవాళ్లది.

ఒక హెచ్చరిక: ఫెడరల్ చట్టం ప్రకారం పదహారేళ్లవాళ్లు ఉద్యోగంలో భాగంగా రోడ్డు మీద బండి నడపకూడదు. ‘ఆ కారు కాస్త శ్మశానం దాకా తీసుకురా’ అని ఎవరన్నా వద్దనమనండి.

ప్రశ్న: మేం హెచ్-4 (హెచ్ వీసా ఉద్యోగుల కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉన్నాం. మా అబ్బాయి ‘జీతం వద్దు, ఊరికే పనిచేస్తా’ అని తెలిసినవాళ్ల సైకిల్ రిపేర్ షాపులో చేరతానంటున్నాడు. పర్వాలేదా? – ఒక తండ్రి, టెక్సాస్

జవాబు: వద్దు. హెచ్-4లో ఉన్న పిల్లలకి ఉద్యోగం చేసే హక్కు లేదు. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) అర్హులైన జీవిత భాగస్వాములకే, పిల్లలకి కాదు. గ్రీన్ కార్డు ప్రక్రియలో అబ్బాయి పేరు మీద ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) దాఖలై, దాని ఆధారంగా ఈఏడీ చేతికొస్తే అప్పుడు చేయవచ్చు. జీతం తీసుకోనంత మాత్రాన తప్పించుకోలేం. లాభం కోసం నడిచే షాపులో, మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చేసినా అది ఉద్యోగం కిందికే రావచ్చు. తర్వాత స్టేటస్ మార్పు దగ్గర అది అడ్డుపడవచ్చు. లాభాపేక్ష లేని సంస్థలో, అందరూ స్వచ్ఛందంగానే చేసే పని అయితే ఇబ్బంది లేదు. పాత సైకిళ్లు బాగుచేసి పంచే స్వచ్ఛంద సంస్థ దగ్గర్లో ఉందేమో వెతకండి, అదే స్పానర్, అదే గ్రీజు.

దీనివల్ల వాడి దరఖాస్తు వెలితిగా ఉంటుందని బెంగపడకండి. కామన్ యాప్ జాబితాలో ‘ఫ్యామిలీ రెస్పాన్సిబిలిటీస్’ అనే రకం ఉంది. తమ్ముణ్ణి రోజూ బడి నుంచి తీసుకురావడం, అమ్మమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి తెలుగు–ఇంగ్లిష్ మధ్య మాట సాయం చేయడం కూడా గంటలు వేసి రాయదగ్గ పనులే. మనవాళ్లు ‘అది ఇంటి పనేగా’ అని వదిలేస్తుంటారు.

ప్రశ్న: మా మోటెల్ ఫ్రంట్ డెస్క్‌లో పద్నాలుగేళ్ల అబ్బాయి కూర్చుంటాడు. ఇది ఉద్యోగంగా రాయవచ్చా? గంటల పరిమితి ఉందా? – ఓహాయో పాఠకులు

జవాబు: నిక్షేపంగా రాయవచ్చు. జీతం ఇస్తుంటే ఉద్యోగం కింద, లేకపోతే కుటుంబ బాధ్యతల కింద. మామూలుగా 14–15 ఏళ్లవాళ్లకి ఫెడరల్ పరిమితి బడి రోజు 3 గంటలు, బడి ఉన్న వారంలో 18 గంటలు. వ్యాపారం పూర్తిగా తల్లిదండ్రులదే అయితే, పని ప్రమాదకరమైనది కాకపోతే ఆ పరిమితికి మినహాయింపు ఉంది. బాబాయి భాగస్వామిగా ఉంటే మాత్రం ఆ మినహాయింపు ఉందనుకోవద్దు. రాష్ట్ర నియమాలు ఇంకా గట్టిగా ఉండవచ్చు, అవీ చూసుకోండి.

ప్రశ్న: నేను టెన్త్ గ్రేడ్. అమెరికా పౌరురాలిని. నా సంపాదన వల్ల కాలేజీ సాయం తగ్గిపోతుందా?

జవాబు: కొంత తగ్గవచ్చమ్మా. ఫ్యాఫ్సా (ఫెడరల్ విద్యార్థి సాయం కోసం నింపే ఫారం) రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తుంది, అంటే నీ టెన్త్ జనవరి నుంచి లెవెన్త్ డిసెంబరు దాకా వచ్చినది. విద్యార్థికి కొంత ఆదాయం మినహాయించి, మిగిలినదాంట్లో సగం నీ వాటాగా లెక్కిస్తారు. వారాంతపు జీతం సాధారణంగా ఆ మినహాయింపు దాటదు. బ్యాంకులో నీ పేరిట దాచినదాంట్లో మాత్రం 20 శాతం లెక్కలోకి వస్తుంది, అమ్మానాన్నల పొదుపులో అయితే అది 5.64 శాతం మించదు. పొదుపుని ఫారం నింపిన రోజున ఉన్నట్టుగా చూస్తారు. కాబట్టి ల్యాప్‌టాప్ ఎలాగూ కొనేదే అయితే ఆ రోజుకి ముందే కొనుక్కో.